అద్దం, బొట్టుబిళ్ళలు, పిండిముద్ద: చిన్నపిల్లలకు ముఖాన్నీ భావాల్నీ నేర్పడం ఎలా?

మూడేళ్ళ పిల్లల్ని ముక్కేదీ, చెవులేవీ అని అడిగితే టకటకా చూపించేస్తారు. ఏడాది నిండినప్పటి నుంచీ ఇంటిల్లిపాదీ ఆడించిన ఆటే కదా అది. అదే పిల్లల్ని కనుబొమలు చూపించమనండి. చాలామంది గట్టిగా కళ్ళు మూసుకుని రెప్పల మీద వేలు పెడతారు. నుదురు, గడ్డం సంగతి ఇక సరేసరి. కానీ ఎదుటి మనిషికి కోపమొచ్చిందా, దిగులేసిందా అని మనం పసిగట్టేది ముక్కూ చెవులూ చూసి కాదు, కనుబొమలూ పెదాలూ చూసి. అందుకే పిల్లలకి భావాలు నేర్పాలనుకుంటే పసుపుపచ్చ ఎమోజీల చార్టు కొని గోడకి తగిలించడంతో మొదలుపెట్టొద్దు. ముఖంలో ఏది ఎటు కదులుతుందో ముందు పిల్లలు తమ కళ్ళతో చూడాలి. తర్వాత దానికో పేరు తెలియాలి. "ఎందుకొచ్చింది, ఇప్పుడేం చేద్దాం" అన్న మాటలు ఆ తర్వాతే.

ఈ కింద చెప్పేవన్నీ మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల కోసం. అంగన్‌వాడీలో, ప్లేస్కూల్లో గుంపుగానైనా చేయించవచ్చు, ఇంట్లో ఒక్కరితోనైనా చేయించవచ్చు.

ముందుగా సర్దుకోవాల్సినవి

ఓ పెద్ద అద్దం కావాలి. బీరువా అద్దమైతే మరీ మంచిది, పిల్లలు నేల మీద కూర్చున్నా మొహం కనపడుతుంది. చిన్న చేతి అద్దాలు పిల్లల చేతికివ్వొద్దు, ఎప్పుడో ఒకప్పుడు పగలగొడతారు. అద్దం లేనిచోట తళతళలాడే కొత్త స్టీలు పళ్ళెం పనికొస్తుంది. అందులో మొహం కాస్త సాగి, మసగ్గా కనిపిస్తుంది కానీ పిల్లలకి అదీ సరదాయే.

ఇంకా ఒక అట్ట పెద్ద సైజు బొట్టుబిళ్ళలు, పిండి, నాలుగు పేపర్ ప్లేట్లు, ఒంటరిగా మిగిలిపోయిన సాక్సు ఒకటి, తాడు, బట్టల క్లిప్పులు. చింతగింజలు, శనగలు, చొక్కా గుండీలు మాత్రం కళ్ళూ ముక్కూ పెట్టడానికి వాడొద్దు. ఈ వయసు పిల్లలు వాటిని పిండిబొమ్మ ముక్కుకి పెట్టినట్టే పెట్టి తమ ముక్కులో దూర్చుకుంటారు. నోట్లో వేసుకుంటే గొంతుకి అడ్డం పడతాయి.

ఒక్కో ఆటకి పది, పదిహేను నిమిషాలు చాలు. ఆకలి మీదున్నప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు ఏ ఆటా సాగదు.

మొదట అద్దం

పిల్లల్ని అద్దం ముందు కూర్చోబెట్టి మీరూ పక్కనే కూర్చోండి. మీ మొహం కూడా వాళ్ళకి అద్దంలో కనపడాలి. తెలిసినవాటితో మొదలుపెట్టి తెలియనివాటికి వెళ్ళండి. కళ్ళ నుంచి రెప్పలకి, రెప్పల నుంచి కనుబొమలకి. నోటి నుంచి పెదాలకి, పళ్ళకి, గడ్డానికి. ఒక్కోదాన్ని వేలితో తాకుతూ పేరు చెప్పాలి. రోజుకి రెండు మూడు కొత్త పేర్లకు మించొద్దు.

పేర్లు వచ్చాక "వీటిలో ఏవి కదుల్తాయి, ఏవి కదలవు?" అని అడగండి. చెవులు కదపమంటే తల మొత్తం ఊపేస్తారు. ముక్కు కదపమంటే మూతి అష్టవంకర్లు తిప్పుతారు. ఆ నవ్వుల మధ్యే విషయం తేలుతుంది. కనుబొమలు పైకీ కిందకీ వెళ్తాయి, బుగ్గలు ఉబ్బుతాయి, పెదాలు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి, చెవులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. గుంపులో ఎవరైనా నిజంగానే చెవులు కదిపి చూపించారా, ఆ రోజుకి మీ పాఠం అయిపోయినట్టే, ఇంకెవరూ మీ మాట వినరు.

మొహానికీ మొహానికీ తేడాలు కూడా ఇప్పుడే చూపించండి. సొట్టబుగ్గ, పుట్టుమచ్చ, కళ్ళజోడు, ఊడిన పన్ను. రంగు సంగతి వస్తే తప్పించుకోకుండా, ముక్కు చెవుల గురించి చెప్పినంత మామూలుగా చెప్పేయండి. బొమ్మలు వేసేటప్పుడు లేత గులాబీ క్రేయాన్ అందించి "ఇదిగో స్కిన్ కలర్" అనడం మానేస్తే చాలా మేలు. గోధుమరంగు, నలుపు, పసుపు క్రేయాన్లు ముందు పెట్టి, చేతి పక్కన పెట్టి చూసుకుని ఎవరి రంగు వాళ్ళని కలుపుకోమనండి.

బొట్టుబిళ్ళల ఆట

ఇన్ని పనుల్లో ఒక్కటే చేయించే తీరిక ఉందంటే ఇదే చేయించండి.

బొట్టుబిళ్ళల జిగురు పడక చర్మం ఎర్రబడే పిల్లలు ఉంటారు కాబట్టి ముందు ఒకటి చేతి మీద అంటించి కాసేపు చూడండి. ఏమీ కాకపోతే చెరో బుగ్గ మీద, బుగ్గ ఉబ్బే చోట, ఒక్కో బిళ్ళ పెట్టండి. అద్దంలో చూసుకుంటూ నవ్వమనండి. రెండు బిళ్ళలూ కళ్ళవైపు ఎగబాకుతాయి. నవ్వు ఆపగానే కిందకి దిగుతాయి. మళ్ళీ నవ్వు, మళ్ళీ ఎక్కుతాయి. పిల్లలు దీన్ని ఎన్నిసార్లయినా చేస్తారు, చేయనివ్వండి.

ఇప్పుడు ఆ బిళ్ళలు తీసి కనుబొమల మొదట్లో, ముక్కుకి అటూ ఇటూ పెట్టండి. కంటికి తగలకుండా కాస్త పైగా పెట్టాలి. "నీ బొమ్మ ఎవరో లాక్కున్నారు, కోపం మొహం పెట్టు" అంటే రెండు బిళ్ళలూ ఒకదాని దగ్గరికి ఒకటి జరిగి కిందకి దిగుతాయి. "అబ్బో, ఆకాశంలో విమానం!" అంటే రెండూ నుదుటి మీదకి లేస్తాయి. చివరికి గడ్డం మీద ఒకటి పెట్టి ఏడుపు మొహం పెట్టమనండి. కింది పెదవి ముందుకొచ్చి, గడ్డం ముడుచుకుని, దాంతోపాటు బిళ్ళ కూడా వంకరపోతుంది. ఏడుపు కళ్ళలోకి రాకముందే గడ్డంలో కనిపిస్తుందని పెద్దవాళ్ళలోనే చాలామంది గమనించి ఉండరు.

ఐదేళ్ళ పిల్లలైతే ఇంకో మెట్టు ఎక్కించవచ్చు. ఫోటోకి నవ్వినట్టు నవ్వమని ఒక ఫోటో తీయండి. చక్కిలిగింతలు పెట్టి ఇంకో ఫోటో తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి ఏది నిజం నవ్వో అడగండి. మనసారా నవ్వినప్పుడు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా బిగుసుకుని కళ్ళు చిన్నవవుతాయి. ఫ్రాన్సు దేశపు డాక్టరు డ్యూషెన్ ఈ సంగతి 1862లోనే రాశాడు. మీ పిల్లలు అదే సంగతి మీ ఫోన్‌లో కనిపెడతారు.

ఆట అయ్యాక బిళ్ళలు లెక్కపెట్టి తీసేయండి. ఒకటి తగ్గితే ఎవరి నోట్లో ఉందో చూసుకోవాలి.

పిండితో మొహాలు

రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, చెంచా నూనె, చిటికెడు పసుపు. కప్పు నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలపాలి. ఉప్పు ఎక్కువ కాబట్టి త్వరగా పాడవదు, కానీ తినకూడదు. ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే పిల్లలకి మామూలు చపాతీ పిండే ఇవ్వండి.

పేపర్ ప్లేటే మొహం. రెండు ఉండలు కళ్ళు, పిండిని సన్నగా దొర్లించి చేసిన మూడు పుల్లల్లో రెండు కనుబొమలు, ఒకటి నోరు. ఇక్కడ మీరు చేయాల్సింది ఒక్కసారికి ఒక్కటే మార్చడం. నోటిపుల్ల చివర్లు పైకి వంచితే నవ్వు, కిందకి వంచితే ఏడుపు. నోరు అడ్డగీతలా తిన్నగా ఉంచి కనుబొమల్ని ముక్కువైపు దించితే కోపం. కనుబొమలు పైకి జరిపి, నోటిపుల్ల తీసేసి గుండ్రటి ఉండ పెడితే నోరెళ్ళబెట్టడం. పుల్ల ఒక్కటి జరిపితే మొహం మొత్తం మారిపోవడం చూసి పిల్లలు మళ్ళీ మళ్ళీ మారుస్తారు.

కాగితం మీద గీయించినప్పుడు మూడు, నాలుగేళ్ళ పిల్లలు గుండ్రటి తల గీసి, దాని నుంచే కాళ్ళు దింపేస్తారు. పొట్ట ఉండదు, మెడ ఉండదు. ఆ వయసులో ఏ దేశం పిల్లలైనా దాదాపు అలాగే గీస్తారు. దిద్దొద్దు. "ఈ మనిషికి ఎలా ఉందిట?" అని అడగండి చాలు.

పేర్లు ఏ వరసలో

పాల్ ఎక్మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త సంతోషం, బాధ, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం అని ఆరు మూల భావాలు చెప్పాడు. మన నాట్యశాస్త్రం ఎనిమిది రసాలు చెప్పింది, శాంతం తర్వాత చేరి నవరసాలయ్యాయి. నాలుగేళ్ళ పిల్లలకి ఇవేవీ అప్పజెప్పనక్కర్లేదు. సంతోషం, ఏడుపు, కోపం, భయం, ఈ నాలుగూ స్థిరపడితే చాలా ఎక్కువ.

పిల్లలు మొట్టమొదట గుర్తుపట్టేది సంతోషాన్నే. ఏడుపు, కోపం ఆ తర్వాత వస్తాయి. భయాన్నీ ఆశ్చర్యాన్నీ చాలాకాలం కలిపేస్తారు, రెండింటిలోనూ కళ్ళు పెద్దవవుతాయి మరి. కాకరకాయ కూర చూసి "ఛీ" అన్న మొహం బొమ్మ చూపిస్తే చిన్నపిల్లలు దాన్ని కోపం అంటారు. తప్పని కొట్టిపారేయకండి. "కోపం లానే ఉంది కదా? ముక్కు చూడు, ఎలా ముడుచుకుందో" అని ఇంకోసారి చూపించండి.

నాలుగూ వచ్చాక మన ఇళ్ళలో రోజూ వినపడేవి మొదలుపెట్టొచ్చు: అలక, బెంగ, సిగ్గు, చిరాకు. ముఖ్యంగా బెంగ. కొత్తగా బడిలో వేసిన పిల్లలు జూన్ నెలంతా పడేది అదే. కడుపునొప్పి అంటారు, అన్నం వద్దంటారు, గుమ్మం వైపే చూస్తుంటారు. "అమ్మ మీద బెంగ పెట్టుకున్నావా నాన్నా?" అని అడిగితే, తన లోపల జరుగుతున్నదానికి ఒక పేరుందని, అది టీచర్‌కి కూడా తెలుసని వాడికి అర్థమవుతుంది. అలకకి బుంగమూతి ఎలాగూ వాళ్ళకి వచ్చు, అద్దం ముందు పెట్టించడమే తరువాయి.

ఆటలు

స్టాచ్యూ ఆట తెలియని పిల్లలుండరు. అందరూ గెంతుతూ ఉంటారు, మీరు "భయం… స్టాచ్యూ!" అనగానే భయం మొహంతో కదలకుండా నిలబడాలి. ఒంటిని కూడా చూడండి. భయమంటే భుజాలు ముడుచుకుంటాయి, కోపమంటే పిడికిళ్ళు బిగుస్తాయి. కోపం మొహానికొక్కదానికే రాదని పిల్లలు దీంతో తెలుసుకుంటారు.

మొహం అందించే ఆట గుండ్రంగా కూర్చుని ఆడాలి. మీరొక మొహం పెట్టి పక్కనున్న పాపకి చూపిస్తారు. ఆ పాప అచ్చం అలాగే పెట్టి పక్కవాడికి అందిస్తుంది. చివరికి చేరేసరికి కోపం కాస్తా తుమ్మొచ్చే మొహం అయిపోతుంది. ఫర్వాలేదు, ఒకరి మొహం ఒకరు అంతసేపు చూశారు కదా.

మూడోది తువ్వాలు ఆట. మూతిని తువ్వాలుతో కప్పుకుని కళ్ళూ కనుబొమలూ మాత్రమే చూపించి "నాకెలా ఉందో చెప్పు" అనండి. తర్వాత కళ్ళు కప్పుకుని మూతి చూపించండి. మూడేళ్ళవాళ్ళకి ఇది కష్టం, నాలుగు దాటాక పెట్టండి.

ఎందుకొచ్చింది?

మొహం గుర్తుపట్టడం సగం పని. దాని వెనకున్న కారణం ఊహించడం మిగతా సగం, కష్టమైన సగం. దీనికి సాక్సు బొమ్మ చాలు. చేతికి తొడుక్కుని, బొట్టుబిళ్ళలతో కళ్ళు పెట్టి, ఒక పేరు పెట్టండి. చిన్ని అనుకుందాం. చిన్ని కథలు మూడు వాక్యాల్లో అయిపోవాలి. "చిన్నికి తాతయ్య లడ్డూ ఇచ్చాడు. చిన్ని పరిగెత్తింది. లడ్డూ మట్టిలో పడిపోయింది." ఆపి, పిల్లల వైపు తిరిగి, "ఇప్పుడు చిన్ని మొహం పెట్టండి" అనండి. కొందరు ఏడుపు మొహం పెడతారు, కొందరు కోపం. రెండూ సరైనవే. ఎందుకని అడిగితే "కొత్త లడ్డూ ఇమ్మను" అనేవాళ్ళూ ఉంటారు, అదీ సరైనదే.

కొన్నాళ్ళకి ఇంకో బొమ్మని తీసుకురండి. వీధిలోకి కుక్క వచ్చింది. చిన్ని చప్పట్లు కొట్టింది, బుజ్జిగాడు అమ్మ కొంగు పట్టుకున్నాడు. ఒకే కుక్క, రెండు మొహాలు. ఎదుటివాళ్ళకి నాకంటే వేరుగా అనిపించవచ్చని పిల్లలకి తెలిసేది సుమారుగా నాలుగో ఏట. అంతకంటే చిన్నవాళ్ళు "కుక్క మంచిది, వాడెందుకు ఏడుస్తున్నాడు?" అని తెల్లబోతారు. వాదించి ఒప్పించనక్కర్లేదు. "వాణ్ణే అడుగుదాం" అని సాక్సు బొమ్మ చేత చెప్పించండి. మొహం చూసి అన్నీ తేల్చేయలేం, కోపమొస్తే ఏడ్చేవాళ్ళున్నారు, భయమేస్తే నవ్వేవాళ్ళున్నారు. అడగడం కూడా పాఠంలో భాగమే.

రోజూ పొద్దున క్లిప్పు

గోడకి తాడు కట్టి, నాలుగు భావాల మొహాలు వేలాడదీయండి. ఎమోజీలు కాదు, ఆ పిల్లలే అద్దం ముందు ఆడుతూ పెట్టిన మొహాల ఫోటోలు. ఇంట్లో అయితే మీ ఇంటివాళ్ళ ఫోటోలు. నాయనమ్మ కోపం మొహం పెట్టిన ఫోటోకి ఎంత గిరాకీ ఉంటుందో చూద్దురుగాని. నిజంగా ఏడుస్తున్న పిల్లల్ని మాత్రం ఫోటో తీయొద్దు. తీసి స్టేటస్‌లో పెట్టడం అసలే వద్దు.

ఒక్కో పిల్లకి ఒక్కో బట్టల క్లిప్పు. పొద్దున రాగానే తనకెలా ఉందో ఆ మొహం పక్కన తగిలించాలి. అందరి ముందూ "ఎందుకు ఏడుపు దగ్గర పెట్టావ్?" అని నిలదీయకండి. కాసేపాగి ఆ బిడ్డ పక్కన కూర్చోండి చాలు. కొందరు రోజూ సంతోషం దగ్గరే పెడతారు, టీచర్‌కి అదే ఇష్టమనుకుని. మీ క్లిప్పు కూడా ఒకటి పెట్టుకుని, ఓ రోజు "ఇవాళ టీచర్‌కి బస్సు రాక చిరాకొచ్చింది" అని చెప్పి చూడండి.

నిజంగా కోపమొచ్చిన పూట

పిల్లాడు నేల మీద పడి దొర్లుతున్నప్పుడు భావాల పాఠం చెప్పకూడదు. ఆ నిమిషంలో ఏదీ తలకెక్కదు. దగ్గరికి వెళ్ళి, వాడి ఎత్తుకి వంగి, తక్కువ మాటల్లో "నీ కారు తీసుకున్నాడని కోపమొచ్చింది కదూ" అనండి. కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి "కోపం రావచ్చు, కొట్టకూడదు" అనండి. అంతే. ఉపన్యాసం వద్దు.

ఊపిరి ఆట ప్రశాంతంగా ఉన్నప్పుడే నేర్పి ఉంచాలి. ఒక చేతిలో మల్లెపువ్వు, ఇంకో చేతిలో వేడి పాల గ్లాసు ఉన్నట్టు పట్టుకోమనండి. పువ్వు వాసన చూడాలి, పాలు ఊదాలి. పాలు చల్లారే దాకా నాలుగైదు సార్లు. బాగా అలవాటయ్యాక కోపంలో "పాలు ఊదుదామా?" అంటే కొన్నిసార్లు ఊదుతారు. ఊదకపోతే పక్కనే ఉండండి.

మన ఇళ్ళలో నోటికొచ్చేసే మాటలు కొన్ని ఉన్నాయి. "మగపిల్లాడివి, ఏడుస్తావా?" "ఏడిస్తే బూచాడు పట్టుకెళ్తాడు." "సూదిమందు వేయిస్తానుండు." "పక్కింటి పాప చూడు, ఎంత బుద్ధిగా ఉందో." ఇన్ని రోజులు అద్దం ముందు మీరు నేర్పినదాన్ని వీటిలో ఏ ఒక్కటైనా చెరిపేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటే పిల్లల ముందు కాదనకండి, వాళ్ళు నొచ్చుకుంటారు. పాలు ఊదే ఆట వాళ్ళ చేతే ఆడించండి. అమ్మమ్మలు ఈ ఆటలో మనకంటే బాగా కుదురుతారు.

కొందరు పిల్లలు కలవకపోతే

కొందరు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటానికి ఇష్టపడరు. గడ్డం పట్టుకుని మొహం మీవైపు తిప్పొద్దు. వాళ్ళకి కదిలే మొహం కన్నా ఫోటో తేలిక, ఫోటో కన్నా పిండిబొమ్మ తేలిక. అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

పిలిస్తే పలక్కపోవడం, కావాల్సినది వేలితో చూపించకపోవడం, ఎదుటివాళ్ళు ఏం చేసినా అనుకరించకపోవడం, వచ్చిన మాటలు పోవడం లాంటివి కనిపిస్తే మాత్రం "పెద్దయితే వాడే సర్దుకుంటాడు" అని ఆగొద్దు. చెవులు, కళ్ళు ముందు పరీక్ష చేయించి పిల్లల డాక్టరుకి చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం వచ్చి చూడాలి. అవసరమైతే వాళ్ళే జిల్లా స్థాయిలోని డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రానికి, పంపుతారు. బుద్ధి ఎదుగుదల ఆలస్యమైన పిల్లల కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ నడుస్తున్న జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) కూడా ఉంది. వెళ్ళేటప్పుడు ఈ ఆటల్లో మీరు గమనించినవి ఓ కాగితం మీద రాసుకెళ్ళండి. ఏ మొహం గుర్తుపట్టాడు, దేనికి తిరిగి నవ్వాడు, ఏ ఆటలో లేచి వెళ్ళిపోయాడు. డాక్టరు మిమ్మల్ని అడిగేవి అవే.